పదకొండు నెలల ఒప్పందం ముగిశాక మిగిలిన సెలవుల డబ్బు ఎవరిది?

ఏటా మార్చి నెలాఖరుకు విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో గడువు పెట్టి ఇచ్చిన ఉద్యోగాలు చాలా ఒకేసారి ముగుస్తాయి. కార్పొరేట్ కాలేజీల్లో లెక్చరర్ల ఏడాది ఒప్పందాలు, ఆటోనగర్ వర్క్‌షాపుల్లో పదకొండు నెలల నియామకాలు, ఆసుపత్రుల్లో నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్ల కాంట్రాక్టులు, గుంటూరు చుట్టుపక్కల స్పిన్నింగ్ మిల్లుల్లో మెషీన్ల మీద పనిచేసేవాళ్ల ఒప్పందాలు అన్నీ ఆ రోజుల్లోనే తెగుతాయి. చివరి నెల జీతం ఆలస్యంగానైనా చేతికి వస్తుంది. పీఎఫ్ గురించి అందరికీ తెలుసు కాబట్టి దాన్ని అడిగి తీసుకుంటారు. తగువంతా వాడుకోకుండా మిగిలిపోయిన ఈఎల్స్ (ఎర్న్‌డ్ లీవులు, అంటే పనిచేసిన రోజుల్ని బట్టి వచ్చే జీతపు సెలవులు) దగ్గర వస్తుంది.

ఆఫీసులో అడిగితే వచ్చే జవాబులు దాదాపు అన్ని చోట్లా ఒకటే. కాంట్రాక్టు వాళ్లకు ఈఎల్ ఉండదని ఒకరంటారు. 240 రోజులు నిండలేదని ఇంకొకరంటారు. గడువుతో పాటే సెలవులూ ముగిశాయని మరొకరు తేల్చేస్తారు. ఫ్యాక్టరీ కార్మికుడి విషయంలో ఈ మూడింటిలో ఒక్కటీ నిలబడదు. దుకాణం, కాలేజీ సంగతి వచ్చేసరికి మాత్రం జవాబు అంత సూటిగా ఉండదు. యాజమాన్యాలు ఆ తేడాను వాడుకుంటాయి, ఉద్యోగుల్లో చాలామందికి ఆ తేడా ఉందనే తెలియదు.

ముందు 240 రోజుల మాట చూడాలి, ఎక్కువమంది వెనక్కి తగ్గేది అక్కడే కాబట్టి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 79వ సెక్షన్ ప్రకారం క్యాలెండర్ ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుడికి, పనిచేసిన ప్రతి 20 రోజులకు ఒక రోజు చొప్పున జీతంతో కూడిన సెలవు వచ్చేది. చాలామంది చదివేది ఇంతవరకే. ఉద్యోగంలో నుంచి తీసేసినా, కార్మికుడే మానేసినా, రిటైరైనా, చనిపోయినా, 240 రోజులు నిండకపోయినా సరే అప్పటిదాకా పోగైన సెలవుకు బదులు జీతం ఇవ్వాలని అదే సెక్షన్ చెప్పింది. 240 అనేది సెలవు పెట్టుకుని ఇంటికి వెళ్లడానికి కావలసిన అర్హత. ఉద్యోగం వదిలేటప్పుడు వేసే లెక్కకు ఆ షరతు అడ్డు రాదు.

ఈ చట్టం స్థానంలో వచ్చిన వృత్తిభద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2020 మిగతా మూడు లేబర్ కోడ్లతో (పాత కార్మిక చట్టాల్ని కలిపి తెచ్చిన కొత్త చట్టాలతో) కలిసి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అందులోని 32వ సెక్షన్ ఈ 240ని 180కి తగ్గించింది. ఇరవై రోజులకు ఒక రోజు అన్న లెక్కను అలాగే ఉంచింది. ఉద్యోగం వదిలేటప్పుడు అర్హత రోజులు నిండకపోయినా డబ్బు ఇవ్వాలన్న మాటనూ ఉంచింది. 2025 నవంబరుకు ముందే ముగిసిన ఒప్పందాలకు పాత చట్టం, తర్వాత ముగిసినవాటికి కోడ్ అని స్థూలంగా అనుకోవచ్చు. రెండింటిలోనూ ఈ విషయంలో కార్మికుడి పక్షమే బలంగా ఉంది.

లెక్క వేసి చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే షెడ్డులో ఒక వెల్డరు పదకొండు నెలల కాగితం మీద చేరాడనుకుందాం. నెలకు 26 పనిదినాల చొప్పున 286 రోజులు పనిచేశాడు. 286ను 20తో భాగిస్తే 14.3. సగం రోజు, ఆపైన వస్తే పూర్తి రోజుగా తీసుకోవాలని, అంతకన్నా తక్కువైతే వదిలేయాలని ఫ్యాక్టరీల చట్టం చెబుతుంది కాబట్టి 14 రోజులు. ఐదు నెలలకే మానేసినవాడు 130 రోజులు పనిచేసి ఉంటే 6.5 వస్తుంది, అంటే 7 రోజులు. ఈ రెండో మనిషికి ఏమీ రాదనే నూటికి తొంభై మంది అకౌంటెంట్లు చెబుతారు.

ఉద్యోగుల వైపు నుంచి జరిగే పొరపాటు కూడా ఒకటి ఉంది. ఆదివారాలు, పండగలు కలిపి 330 రోజులు లెక్కేసి, ఇరవైతో భాగించి 16.5, అంటే 17 సెలవులు రావాలని గట్టిగా వాదిస్తారు. చట్టం లెక్కలోకి తీసుకునేది పనిచేసిన రోజుల్ని. లే ఆఫ్ రోజులు (పని లేక యజమాని తాత్కాలికంగా ఆపిన రోజులు), ప్రసూతి సెలవు రోజులు అర్హత చూడటానికి పనికొస్తాయి గానీ వాటి మీద కొత్తగా సెలవు పుట్టదు. తప్పు లెక్కతో వెళితే అవతలివాళ్లు ఆ తప్పునే పట్టుకుని అసలు బాకీని కూడా పక్కన పెట్టేస్తారు.

రోజులు తేలాక రోజుకు ఎంత అన్నది ఇంకో తగువు, నిజానికి డబ్బులో పెద్ద తేడా వచ్చేది ఇక్కడే. పై వెల్డరు నెల జీతం 18,200 అనుకుందాం. జీతం చీటీలో బేసిక్ 8,000 మాత్రమే చూపించి మిగతాదంతా రకరకాల అలవెన్సులుగా రాశారు. అకౌంటెంటు ఆ 8,000ను 30తో భాగించి 14తో గుణించి 3,733 రూపాయలు చేతిలో పెడతాడు. ఫ్యాక్టరీల చట్టం 80వ సెక్షన్ ఇలా చెప్పలేదు. సెలవుకు ముందు నెలలో నిజంగా పనిచేసిన రోజుల మీద, ఓవర్‌టైమ్, బోనస్ తీసేసి, డీఏ కలుపుకుని, మొత్తం ఆదాయపు రోజువారీ సగటు తీయమంది. 18,200ను 26 పనిదినాలతో భాగిస్తే రోజుకు 700. పద్నాలుగు రోజులకు 9,800.

కొత్త కోడ్లలో జీతం నిర్వచనం మారింది. ఇంటి అద్దె అలవెన్సు, కన్వేయన్స్ లాంటి కొన్నింటిని జీతంలో కలపనక్కర్లేదు. అయితే అలా బయట పెట్టినవన్నీ కలిసి మొత్తంలో సగం దాటకూడదు, దాటితే దాటిన మేరకు తిరిగి జీతంలో కలపాలి. అంటే పై ఉదాహరణలో 8,000 బేసిక్ చూపించినా లెక్క కనీసం 9,100 మీద జరగాలి. దాన్ని 26తో భాగిస్తే రోజుకు 350, పద్నాలుగు రోజులకు 4,900. బేసిక్ మీద ఇచ్చేదానికంటే ఇది మెరుగే, పాత 80వ సెక్షన్ లెక్క కంటే మాత్రం తక్కువ. కోడ్లు వచ్చాక కార్మికులకు అన్నీ పెరిగాయనేవాళ్లు ఈ ఒక్క లెక్క వేసి చూస్తే మంచిది.

ఇక కాంట్రాక్టు వాళ్లకు సెలవులు ఉండవన్న మాట. ఇక్కడ మొదట చూడాల్సింది అపాయింట్‌మెంట్ కాగితం మీద ఎవరి పేరుంది అనేది. ఆసుపత్రి పేరు మీదే రెండేళ్ల గడువుతో కాగితం ఇస్తే అది ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగం. పారిశ్రామిక సంబంధాల కోడ్ 2020 దాన్ని నిర్వచిస్తూనే షరతులూ పెట్టింది. అదే పని చేసే పర్మినెంటు కార్మికుడి కంటే పని గంటలు, జీతం, ఇతర సౌకర్యాలు తక్కువగా ఉండకూడదు. చట్టప్రకారం పర్మినెంటు వాళ్లకు వచ్చే ప్రయోజనాలన్నీ పనిచేసిన కాలానికి తగిన నిష్పత్తిలో ఇవ్వాలి, ఆ ప్రయోజనానికి కావలసిన కనీస సర్వీసు నిండకపోయినా ఇవ్వాలి. ఫిక్స్‌డ్ టర్మ్ పద్ధతిని అన్ని రంగాలకూ విస్తరిస్తూ కేంద్రం 2018 మార్చిలో స్టాండింగ్ ఆర్డర్స్ (ఉద్యోగ షరతుల) నిబంధనలు సవరించినప్పుడే ఈ సమానత్వం మాట వచ్చింది. ఇన్నేళ్లయినా చాలా ఆఫీసుల్లోకి ఆ మాట చేరినట్టు లేదు.

కాగితం మీద ఏజెన్సీ పేరుంటే దారి వేరు. హౌస్ కీపింగ్, సెక్యూరిటీ, కోల్డ్ స్టోరేజీల్లో లోడింగ్ లాంటి పనులకు మనుషుల్ని సరఫరా చేసే కాంట్రాక్టరే అక్కడ యజమాని, సెలవుల బాకీ మొదట అతనిదే. అతను ఎగ్గొడితే జీతాల బాకీ ప్రధాన యజమాని (కాంట్రాక్టరుకు పని అప్పగించిన సంస్థ) చెల్లించి తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనూ ఉంది, ఇప్పటి కోడ్‌లోనూ ఉంది. అందుకే ఫిర్యాదులో ఇద్దరి పేర్లూ రాయడం మేలు.

గడువు ముగియడం మీద ఇంకో తెలివైన వాదన ఉంది. ఒప్పందం కాలం తీరి ఉద్యోగం పోవడం రిట్రెంచ్‌మెంట్ (యజమాని ఉద్యోగంలోంచి తొలగించడం) కిందకు రాదని చట్టంలోనే ఉంది. అది 1984 సవరణ నుంచి ఉన్న మాట, కొత్త కోడ్‌లోనూ కొనసాగింది. దాన్ని పట్టుకుని, మేం తీసేయలేదు, నువ్వు మానేయలేదు, కాలం తీరింది, కాబట్టి సెలవు డబ్బు ఇచ్చే సందర్భమే రాలేదు అంటారు. వినడానికి పకడ్బందీగానే ఉంటుంది. కానీ రిట్రెంచ్‌మెంట్ మినహాయింపు వల్ల పోయేది రిట్రెంచ్‌మెంట్ పరిహారం మాత్రమే. ఇరవై రోజులు పనిచేసినప్పుడే ఒక రోజు సెలవు కార్మికుడి ఖాతాలో పడింది. ఉద్యోగం ఏ పేరుతో ముగిసినా ఆ ఖాతా చెరిగిపోదు. పైగా నిష్పత్తి ప్రకారం ప్రయోజనాలు ఇవ్వాలన్న షరతు పెట్టిందే గడువు ముగిసి వెళ్లిపోయేవాళ్ల కోసం. వాళ్లకే వర్తించదంటే ఆ షరతుకు అర్థమే లేదు.

పదకొండు నెలల కాగితాల వెనక లెక్క ఏమిటో కూడా చెప్పుకోవాలి. కొత్త కోడ్ ప్రకారం ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగి ఏడాది సర్వీసు చేస్తే గ్రాట్యుటీకి అర్హుడు, ఐదేళ్లు అక్కర్లేదు. ఏడాదికి ఒక నెల ముందే ఒప్పందం ఆపేస్తే ఆ భారం తప్పుతుందని కొందరి ఆశ. అది ఎంతవరకు చెల్లుతుందో వేరే వాదన. సెలవుల విషయంలో మాత్రం ఈ ఎత్తు పనిచేయదు, ఎందుకంటే సెలవు నెలల్ని చూడదు, పనిదినాల్ని చూస్తుంది. మధ్యలో పది రోజులు బ్రేక్ ఇచ్చి మళ్లీ కొత్త కాగితం ఇచ్చే చోట యాజమాన్యానికి రెండే దారులు. పాత సెలవులకు డబ్బిచ్చి ఖాతా మూసేయాలి, లేదా కొత్త ఒప్పందంలోకి బదిలీ చేయాలి. ఆచరణలో రెండూ చేయకుండా ప్రతి రెన్యువల్‌కూ సున్నా నుంచి మొదలుపెడతారు. రెన్యువల్ పోతుందన్న భయంతో ఉద్యోగి నోరెత్తడు. నాలుగో ఏడాది మానేసేటప్పుడు నాలుగేళ్లవీ కలిపి అడుగుతాడు, అప్పటికి పాత రికార్డు ఎవరి దగ్గరా ఉండదు.

రికార్డు లేకపోవడమే నిజానికి ఈ తగువుల్లో సగం. సెలవుల రిజిస్టరు రాయాల్సింది యజమాని. రాసే పద్ధతి చూస్తే మాత్రం గందరగోళం. సంక్రాంతికి షెడ్డు మూడు రోజులు మూసేస్తారు, ఆ మూడూ కార్మికుల ఈఎల్‌లో కొట్టేస్తారు. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి రద్దీ వల్ల ట్రాఫిక్ మళ్లిస్తే, రాలేకపోయినవాళ్లకూ అంతే. ఈఎల్ అనేది కార్మికుడు అడిగి తీసుకునేది, మామూలుగా పదిహేను రోజుల ముందు రాతపూర్వకంగా అడగాలి. యజమాని తన వీలు కోసం మూసేసిన రోజును అడగని మనిషి ఖాతాలో రాయడం ఎలా కుదురుతుంది? సెలవు మధ్యలో పడ్డ ఆదివారాల్ని, పండగ సెలవుల్ని కూడా ఈఎల్‌గా లెక్కపెట్టకూడదు. అడిగితే ఇవ్వని సెలవు మాత్రం పరిమితి లేకుండా ముందుకు వస్తుంది. 30 రోజుల హద్దు వాడుకోకుండా వదిలేసిన వాటికే. అందుకే సెలవు అడిగిన వాట్సాప్ మెసేజ్, దానికి వచ్చిన "ఇప్పుడు కుదరదు" అన్న జవాబు చాలా విలువైనవి. ఫోను మార్చినప్పుడు అవి పోకుండా చూసుకోవాలి.

సీఎల్ (క్యాజువల్ లీవు), సిక్ లీవులతో ఈఎల్‌ను కలిపేసుకోకూడదు. సీఎల్ ఏడాది దాటితే పోతుంది, దానికి డబ్బు ఇమ్మని ఈ సెక్షన్లు చెప్పవు. కంపెనీ పాలసీలో ఇస్తామని రాసి ఉంటే అది వేరు.

దుకాణాలు, షోరూముల దగ్గర సమస్య ఇంకాస్త చిక్కు. బీసెంట్ రోడ్డులోనో, గుంటూరు బ్రాడీపేటలోనో బట్టల షాపులో పనిచేసే అమ్మాయికి వర్తించేది 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం. పన్నెండు నెలల కాలంలో 240 రోజులు పనిచేస్తే తర్వాతి పన్నెండు నెలల్లో 15 రోజుల జీతపు సెలవు, 60 రోజుల దాకా పోగుచేసుకునే వీలు అందులో ఉన్నాయి. "తర్వాతి పన్నెండు నెలల్లో" అన్న ముక్కే యజమానికి ఆయుధం. పదకొండు నెలలకే పంపించేస్తే తర్వాతి పన్నెండు నెలలు ఎక్కడివి అంటాడు. పదిమంది, ఆపైన పనిచేసే షాపు అయితే కొత్త కోడ్ 32వ సెక్షన్‌ను ఆధారం చేసుకోవచ్చు, అక్కడ ఈ చిక్కు లేదు. నలుగురు పనిచేసే చిన్న కొట్టులో మాత్రం ఉద్యోగి పరిస్థితి బలహీనమే. ఒప్పందంలో ముందే ఒక వాక్యం రాయించుకోవడం తప్ప గట్టి దారి కనిపించదు.

హోదా పేరుతో తప్పించే ప్రయత్నం కూడా ఉంటుంది. సూపర్‌వైజరీ పనిలో ఉండి నెలకు 18,000 దాటి జీతం తీసుకునేవాళ్లు, మేనేజర్ హోదా పనులు చేసేవాళ్లు కోడ్ ప్రకారం కార్మికులు కారు. కాబట్టి సేల్స్ కౌంటర్‌లో నిలబడే మనిషికి కూడా ఫ్లోర్ ఇన్‌ఛార్జి అని బ్యాడ్జి తగిలిస్తారు. కోర్టులు చూసేది ఆ మనిషి రోజంతా చేసిన పనిని. కింద ఒక్కరు కూడా లేని ఇన్‌ఛార్జి ఎవరిని పర్యవేక్షించినట్టు?

లెక్చరర్ల సంగతి అన్నిటికంటే క్లిష్టం. ఈ రెండు నగరాల్లో చదువు కూడా ఒక పెద్ద పరిశ్రమే, అందులో పనిచేసేవాళ్లకు మాత్రం పరిశ్రమ చట్టాల రక్షణ తక్కువ. టీచర్లు పారిశ్రామిక వివాదాల చట్టం కింద కార్మికులు కారని సుప్రీంకోర్టు 1988లో సుందరంబాళ్ కేసులో చెప్పింది. గ్రాట్యుటీ కోసం 2009లో చట్టాన్ని సవరించాల్సి వచ్చింది, ఆ సవరణను 2022లో సుప్రీంకోర్టు సమర్థించింది. సెలవుల నగదు విషయంలో అలాంటి సవరణేమీ లేదు. కాబట్టి అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో రాసిందే ప్రధాన ఆధారం. అందులో ఏడాదికి ఇన్ని ఈఎల్స్ అని ఉండి, వాడుకోనివాటికి డబ్బిస్తామని ఉంటే అది ఒప్పందపు బాకీ. ఏమీ రాయకపోతే వాదన కష్టమవుతుంది. పదినెలల జీతం ఇచ్చి ఏప్రిల్, మే నెలల్ని సెలవుల కింద జమకట్టామనే యాజమాన్యాలూ ఉన్నాయి. జీతం ఇవ్వని నెలను జీతపు సెలవుగా ఎలా చూపిస్తారో వాళ్లే చెప్పాలి. జీతాల కోడ్ 2019లో ఉద్యోగి నిర్వచనం మాత్రం చాలా విశాలం, మేనేజర్లతో సహా జీతానికి పనిచేసేవాళ్లందరినీ కలుపుకుంటుంది. ఎగ్గొట్టిన చివరి నెల జీతానికి లెక్చరర్లు ఆ దారిన వెళ్లవచ్చు.

గడువు మధ్యలోనే మానేసినప్పుడు నోటీసు పీరియడ్ గొడవ వస్తుంది. ఒక నెల నోటీసు ఇవ్వలేదు, నీ సెలవులు అందులో సరిపోయాయి అంటారు. ఉద్యోగం నుంచి తీసేసేటప్పుడు ఇవ్వాల్సిన నోటీసు కాలాన్ని వాడుకోని సెలవులతో సర్దకూడదని ఫ్యాక్టరీల చట్టం స్పష్టంగా చెప్పింది. ఉద్యోగే చెప్పకుండా వెళ్లిపోతే యజమానికి నోటీసు జీతం అడిగే హక్కు ఒప్పందాన్ని బట్టి ఉండొచ్చు, ఈ విషయంలో యజమానుల బాధ కూడా నిజమే. సీజన్ మధ్యలో మెషీన్ మనిషి మాయమైతే మిల్లు షిఫ్టు ఆగుతుంది. అయినా రెండు లెక్కలూ విడివిడిగా కాగితం మీద చూపించాలి. నోటిమాటగా చెల్లుకు చెల్లు అనడం లెక్క కాదు.

డబ్బు ఎప్పటిలోగా రావాలన్నదానికి చట్టం ఇచ్చిన గడువు చాలా చిన్నది. తీసేసినా, మానేసినా రెండో పనిదినం ముగిసేలోగా ఇవ్వాలి. జీతాల కోడ్ కూడా చివరి జీతానికి రెండు పనిదినాలే ఇచ్చింది. వాస్తవంలో 45 రోజుల ఫుల్ అండ్ ఫైనల్ (వెళ్లిపోయే ఉద్యోగికి వేసే ఆఖరి లెక్క) అన్నది కంపెనీలు పెట్టుకున్న ఆచారం. చట్టంలో ఆ అంకె లేదు.

ఆ ఫుల్ అండ్ ఫైనల్ కాగితం మీద సంతకం దగ్గర జాగ్రత్త అవసరం. డబ్బు ఇవ్వకముందే "నాకు ఎలాంటి బకాయిలూ లేవు" అన్న కాగితం ముందు పెడతారు, సంతకం చేస్తేనే రిలీవింగ్ లెటర్ అంటారు. కొన్ని కాలేజీల్లో ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా బీరువాలో ఉంటాయి. తప్పనిసరై సంతకం చేసినా అంతా అయిపోయినట్టు కాదు. జీతాల కోడ్ కింద రావాల్సిన మొత్తాన్ని వదులుకుంటున్నానని రాసిన ఒప్పందం ఆ మేరకు చెల్లదని కోడ్‌లోనే ఉంది. వీలైతే సంతకం పక్కనే ఈఎల్ లెక్కకు ఒప్పుకోవడం లేదని రాయాలి. రాయనివ్వకపోతే అదే రోజు ఈమెయిల్ పంపాలి.

ఫిర్యాదు విషయానికొస్తే, మొదట పనిదినాలు, సెలవులు, రోజు జీతం వేసిన ఒక పేజీ లెక్కతో యాజమాన్యానికి స్పీడ్ పోస్టులో లేఖ పంపాలి. చాలా తగువులు ఈ లేఖ దగ్గరే తీరతాయి, ఎందుకంటే అవతల ఉన్న అకౌంటెంటుకు మొత్తం చిన్నది, టెన్షన్ పెద్దది. తీరకపోతే విజయవాడలోనో గుంటూరులోనో ఉన్న కార్మికశాఖ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వాలి. పాత జీతాల చెల్లింపు చట్టం కింద క్లెయిముకు పన్నెండు నెలలే గడువు, నెల జీతం 24,000 లోపు వారికే ఆ దారి. జీతాల కోడ్ ఆ పరిమితి తీసేసి గడువును మూడేళ్లకు పెంచింది. బాకీకి పదిరెట్ల దాకా పరిహారం వేసే అధికారం ఇచ్చింది, మూడు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలంది. చెల్లించామని రుజువు చేసుకోవాల్సిన భారం యజమాని మీదే పెట్టింది. రిజిస్టరు సరిగా రాయనివాళ్లకు ఇది ఇబ్బందే.

వచ్చిన డబ్బులో కోతల గురించి కూడా రెండు ముక్కలు. సెలవుల నగదు మీద పీఎఫ్ కట్టనక్కర్లేదని 2008లో మణిపాల్ అకాడమీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉద్యోగం వదిలేటప్పుడు ప్రైవేటు ఉద్యోగికి వచ్చే సెలవుల నగదుకు ఆదాయపన్ను మినహాయింపు పరిమితిని 2023లో 3 లక్షల నుంచి 25 లక్షలకు పెంచారు. వెల్డరుకు వచ్చే 9,800 రూపాయలు ఆ పరిమితికి దరిదాపుల్లో కూడా ఉండవు, టీడీఎస్ పట్టుకున్నామంటే ఎందుకో అడగాలి. ఉద్యోగంలో ఉండగానే ఏడాది చివర సెలవులకు బదులు తీసుకునే డబ్బుకు (ఎన్‌క్యాష్‌మెంట్‌కు) మాత్రం ఈ మినహాయింపు లేదు.

లాయరు ఖర్చుకు భయపడి చిన్న మొత్తాల్ని వదిలేసేవాళ్లు ఎక్కువ. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం పారిశ్రామిక కార్మికులు, మహిళలు, ఎస్సీ, ఎస్టీలు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. కోర్టు ప్రాంగణాల్లోని న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో దరఖాస్తు ఇస్తే, కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు రమ్మని యాజమాన్యానికి నోటీసు పంపిస్తారు. మూడేళ్ల గడువు ఉంది కదా అని ఆలస్యం చేయకుండా, హాజరు వివరాలు ఇంకా ఆఫీసు కంప్యూటర్లో ఉన్నప్పుడే, కలిసి పనిచేసినవాళ్లు ఇంకా ఊళ్లోనే ఉన్నప్పుడే ఈ పని మొదలుపెట్టాలి.